కొసరుగా ఇచ్చిన పిల్ల

బేరమాడకుండా నేను కొన్నవి ఏమైనా ఉన్నాయా అని ఆలోచిస్తే బస్సు టికెట్ ఒక్కటే తేలింది. అది కూడా కండక్టర్లు లొంగక. మందుల షాపులో మాత్రల పట్టీ మీద రేటు అచ్చేసి ఉన్నా సరే, రెండుసార్లు తిప్పి చూసి "ఏమైనా తగ్గిద్దా అండి" అని అడిగే రకం నేను. మా ఆయన నాతో బజారుకి రావడం మానేసి చాలా ఏళ్లయింది.

జగ్గయ్యపేటలో మా నాన్నది పప్పుల కొట్టు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కందులు, మినుములు, పెసలు బస్తాల్లో వచ్చేవి. నాన్న బస్తా మూతి విప్పించేవాడు కాదు. కొస సూదిగా ఉండి, ఒక పక్క గాడి తీసిన ఇనుప గొట్టం ఒకటి ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని బస్తా నడుములో గుచ్చి లాగితే గుప్పెడు గింజలు వచ్చేవి. ఆ గుప్పెడుని బట్టి మొత్తం లాటుకి ధర చెప్పేవాడు. "ఒక్క బస్తా చూసి అన్నిటికీ అదే ధర అంటే ఎట్లా షావుకారు గారూ" అని రైతు మొత్తుకుంటే, "ఏ బస్తా గుచ్చుతానో ముందే తెలిస్తే నువ్వు అదొక్కటే మంచిది తెస్తావు" అనేవాడు.

చిల్లర బేరాల దగ్గర కొసరు వేసే పని నాది. కొలిచి పోశాక "ఇంకాస్త వెయ్యమ్మా" అని సంచి చాపిన వాళ్లకి పైన ఇంకో చిన్న గుప్పెడు. ఆ కొసరుకి నాన్న వేరే డబ్బా పెట్టాడు. అందులో ఉండేవి పుచ్చులు, నూక, జల్లెడ పట్టగా మిగిలినవి. ఊరికే వచ్చేదాన్ని ఎవరూ పరీక్షగా చూడరని ఆయన నమ్మకం. నిజంగానే ఎవరూ చూసేవాళ్లు కాదు. ఎనిమిదేళ్ల పిల్లని, నవ్వుతూ వేసేదాన్ని.

ఆ కొట్లోంచి వచ్చి లెక్కల టీచర్నయ్యా. ఇల్లు పేటలోనే. బడి నందిగామ దాటాక లోపలికి వెళ్లే ఒక ఊళ్లో. పొద్దున్నే బస్సు, నందిగామలో దిగి షేర్ ఆటో. ఆటోవాళ్లకి నన్ను చూస్తే భయం. "మేడం ఎక్కితే ఇంకో మనిషి ఎక్కినట్టు కాదు, దిగినట్టు" అని నా ఎదురుగానే అనుకునేవాళ్లు.

ఆ ఏడు జూన్ నెలలో ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. మిర్చి కోతలకీ పత్తి తీతలకీ వెళ్లే మనిషి. పుట్టిల్లు కోదాడ పక్కన, మాటలో ఆ యాస పోలేదు. పిల్ల తొమ్మిదిలోకి వచ్చింది. ఆవిడ వచ్చింది పిల్ల పేరు కొట్టించుకుని పోవడానికి.

"దీనికి లెక్కలు రావు మేడం. ఇన్నేండ్లు చూసిన. నాతోని కోతకన్న వస్తది."

నాలో ఉన్న షావుకారు కూతురు లేచి కూర్చుంది. "రెండేళ్లు ఆగండి. పదో తరగతి రాయిద్దాం."

"రెండేండ్లు నావల్ల కాదు. సంక్రాంతి దాకా చూస్త."

"సంక్రాంతికి ఏం వస్తాయండి, మూడొంతులు పుస్తకం అలాగే ఉంటుంది. ఏడాదన్నా ఇవ్వండి."

ఆవిడ కూతురి వంక చూసింది. పిల్ల మా ఇద్దరి మధ్య నిలబడి ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తోంది.

"సరే. ఈ ఒక్క ఏడు. లెక్కలొస్తే పది రాపిస్త. రాకుంటే మల్ల నన్ను అడగొద్దు."

"అడగను" అన్నా. రెండు అడిగి ఒకటి సాధించా, మంచి బేరం అనుకున్నా. ఆవిడ వెళ్లాక పక్క టీచర్‌తో గొప్పగా చెప్పుకున్నా కూడా. ఆ బేరంలో సరుకు ఇవ్వాల్సింది నేనే అన్న సంగతి ఆ రోజు నా బుర్రకి ఎక్కలేదు.

దసరా సెలవులయ్యాక నందిగామలో మాకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. పిల్లలు జట్లుగా కూర్చుని ఒకళ్లకొకళ్లు నేర్పుకోవడం గురించి. చెప్పడానికి వచ్చినాయన మెత్తటి మనిషి. మమ్మల్నే జట్లుగా కూర్చోబెట్టి చార్టుల మీద బొమ్మలు గీయించాడు. వచ్చిన పిల్లలూ రాని పిల్లలూ ఒక్కో జట్టులో కలిసి ఉండాలి, తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవాలి, తర్వాత టీచరు జట్టులో ఎవరో ఒకర్ని అప్పటికప్పుడు లేపి అడగాలి, అదీ పద్ధతి. ఎవరిని లేపుతారో తెలీదు కాబట్టి అందరికీ వచ్చేదాకా అందరూ నేర్పుతారు అన్నాడాయన.

వెనక కుర్చీల్లో మిరపకాయ బజ్జీ తింటున్నదాన్ని అక్కడ ఆగిపోయా. ఇది మా నాన్న గొట్టమే కదా అనిపించింది. ఉద్యోగంలో చేరాక ఒక ట్రైనింగ్ నాకు పూర్తిగా అర్థమవడం అదే మొదటిసారి.

కానీ ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తే నేను నేనెలా అవుతా. రెండు మెలికలు పెట్టా. ప్రతి శుక్రవారం ఒక్కో జట్టు నుంచి ఒక చీటీ తీస్తా. ఆ చీటీలో పేరున్నవాళ్లు బోర్డు మీద లెక్క చెయ్యాలి. వచ్చిన మార్కు జట్టు మొత్తానిదీ, ఇంటర్నల్ మార్కుల్లో కలుస్తుంది. రెండోది, ఆ రోజు రానివాళ్ల చీటీ వస్తే పక్కన పెట్టి ఇంకోటి తీస్తా. ఆ ఊళ్లో కోతలప్పుడు పిల్లలు ఎటూ మానేస్తారు, రానివాళ్ల వల్ల వచ్చినవాళ్లు నష్టపోకూడదని నా న్యాయం. ట్రైనింగ్‌లో ఆయన మార్కులతో ముడిపెట్టొద్దని రెండుసార్లు చెప్పాడు. వ్యాపారం తెలియని మనిషిలే అనుకున్నా.

క్లాసులో ఇరవై ఐదు మంది. ఆరుగురు లీడర్లని పెట్టి మిగతావాళ్లని మీరే పంచుకోండి అన్నా. కుర్చీ వెనక్కి వేసుకుని కూర్చున్నా. పావుగంటలో క్లాసు సంత అయింది.

"వీణ్ణి తీసుకుంటాం గానీ ఆమెను కూడా మాకే ఇవ్వాలి."

"ఆమె నీకెందుకే, ఇప్పటికే ఇద్దరున్నారు మీకు. మాకు ఒక్కళ్లూ లేరు."

"అయితే వాడు వద్దు. వాడికి ఎక్కాలే రావు."

బేరమాడే ఆరుగురూ మధ్యలో. అమ్ముడుపోవాల్సినవాళ్లు గోడ పక్కన వరసగా. నాకు భలే సరదాగా ఉంది, మధ్యలో తీర్పులు చెబుతున్నా. నలుగురేసి ఆరు జట్లు అయ్యాక గోడ దగ్గర ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి, ట్రిపుల్ ఐటీ సీటు మీద కన్నేసి చదువుతున్న పిల్ల, లీడరుగా తన జట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"మేం నలుగురం అయిపోయాం మేడం."

"మంచి సరుకంతా నువ్వే కొన్నావుగా. ఈమెని కొసరుగా తీసుకుపో" అన్నా.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వా. గోడ దగ్గర పిల్ల అందరి మొహాలూ చూసి, ఒక్క క్షణం తర్వాత తనూ నవ్వింది. సాయంత్రానికి ఆమెకి ఆ పేరు ఖాయమైంది. "కొసరూ, నీళ్ల బాటిల్ ఇటివ్వు" అని అరవడం వరండాలో విన్నా. ఏమీ అనలేదు.

పద్ధతి పనిచేసింది, అది ఒప్పుకోవాలి. ఎప్పుడూ నా గొంతు ఒక్కటే వినిపించే గదిలో పాతిక గొంతులు వినపడ్డాయి. ఆ లీడరు కూడా ఊరికే కూర్చోలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేల మీద చింతపిక్కలు పోసుకుని ఆ పిల్లకి చెబుతుంటే కిటికీలోంచి చూశా.

"రెండు అగ్గిపెట్టెలు. రెండిట్లో సమానంగా పిక్కలున్నాయి. ఎన్నో తెలీదు. బయట మూడున్నాయి. అన్నీ కలిపి పదకొండు. పెట్టెలో ఎన్ని?"

"నాలుగు" అంది ఆ పిల్ల వెంటనే.

"ఎట్లా వచ్చింది?"

"వచ్చింది."

"అట్లా కాదే, ఎట్లా వచ్చిందో రాయాలి."

పిల్ల పలక పట్టుకున్నట్టు నోట్‌బుక్కు పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంది. తలలో అయిపోయిన లెక్కని మళ్లీ కాగితం మీద ఎందుకు చెయ్యాలో ఆమెకి తెలియలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ నాకు ఇదంతా కనిపించింది. కనిపించినా బస్సుకి టైమైందని వెళ్లిపోయా.

సంక్రాంతి తర్వాత ఒక శుక్రవారం ఆమె చీటీ వచ్చింది. బోర్డు మీద లెక్క రాసిచ్చా. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత బోర్డు అడుగున ఒక్క అంకె వేసింది. జవాబు సరైనదే.

నేను ముందు బల్లల వంక తిరిగా. ఎవరో వేళ్లు చూపించి ఉంటారని నా అనుమానం. కొట్లో పెరిగినదాన్ని, మోసం ఎక్కడుందా అనే చూస్తా ముందు. "ఎవరే చూపించింది?" అన్నా. "సరే, స్టెప్పులు రాయి" అన్నా ఆమెతో. ఆమె రాయలేదు. సున్నా వేశా.

"నేనెంత చదివినా నాకూ సున్నానేనా మేడం?" అంది లీడరు. కళ్లనిండా నీళ్లు.

"నేర్పకపోతే సున్నానే" అన్నా. నా రూలు ఎంత బాగా బిగిసిందా అని లోపల్లోపల గర్వంగా ఉంది.

తర్వాతి శుక్రవారం ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాతి శుక్రవారం కూడా. మిగతా రోజులన్నీ ఉండేది, శుక్రవారం ఉండేది కాదు. కోతలకి వెళ్తుందేమో అనుకున్నా. కోతలకి వెళ్లేవాళ్లు వారాల తరబడి మానేస్తారు గానీ, ఏరుకుని శుక్రవారం ఒక్కటే మానరు. కందుల్లో కలిపిన రాళ్లు వేలితో తడిమి చెప్పగలిగే నాకు ఆ సంగతి తట్టలేదంటే మీరు నమ్మొద్దు. తట్టింది. ఆ జట్టు మార్కులు పెరుగుతున్నాయి. గోడ మీద నేను అతికించిన చార్టు చూడముచ్చటగా ఉంది. హెడ్మాస్టరు గారు దానికి ఫొటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టారు. కింద చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. నేను కదిపి చూడలేదు.

ఫిబ్రవరిలో హోంవర్కు నోట్సులు దిద్దుతున్నా. ఆ పిల్ల పుస్తకంలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్టెప్పులతో సహా. పేజీ పేజీకీ రైటు కొట్టుకుంటూ వెళ్తున్నదాన్ని నాలుగో పేజీలో ఆగా. ఎక్స్ అక్షరం తోక మెలి తిప్పి రాయడం ఆ లీడరుకి అలవాటు. ఇక్కడా అదే మెలిక. వెనక్కి తిప్పితే నెల రోజుల నుంచీ అదే చేతిరాత. అన్నిటి మీదా నా ఎర్ర రైట్లు.

లీడర్ని లేపి అందరి ముందూ అడిగా. భయపడుతుందనుకున్నా. ఆ పిల్ల నిదానంగానే చెప్పింది.

"మేం బలవంతం చేయలేదు మేడం. మాట్లాడుకున్నాం. తను శుక్రవారం రాకూడదు, తన హోంవర్కు మేం రాసిపెట్టాలి."

"అంటే హోంవర్కు కోసం బడి మానేసిందా?"

"హోంవర్కు మేమే కలిపాం మేడం. తను అది అడగలేదు."

"మరేం అడిగింది?"

"ఆ పేరుతో పిలవొద్దంది. అంతే మేడం. నెల నుంచి మా జట్టులో ఎవరం పిలవట్లేదు. వేరేవాళ్లు పిలిచినా ఊరుకోవట్లేదు."

ఆ పిల్ల చివరి బల్లలో తల దించుకుని ఉంది. క్లాసు నా వంక చూస్తోంది. నేను అప్పుడు ఏం చెయ్యాలో మంచి టీచరు ఎవరికైనా తెలిసి ఉండేది. నాకు మోసం బయటపడినప్పుడు ఏం చెయ్యాలో మాత్రమే తెలుసు. ఈ బేరం చెల్లదన్నా. రేపటి నుంచి ఎవరి హోంవర్కు వాళ్లే రాయాలి, శుక్రవారం అందరూ రావాలి, రాకపోతే మార్కులు కోస్తా అన్నా. గట్టిగా అన్నా.

బేరం రద్దయితే అటు వైపు మాట కూడా రద్దవుతుందని చిన్నప్పటి నుంచి తెలిసినదాన్ని. ఆ మధ్యాహ్నమే అన్నం వరసలో ఎవరో "కొసరూ, జరుగు" అనడం వినిపించింది. లీడరు పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ వారం మొత్తం రాలేదు.

శనివారం బడి వదిలాక వాళ్లింటికి వెళ్లా. ఊరి చివర రేకుల ఇల్లు. వాకిట్లో పరదా పట్టా మీద తాలు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, గాలికి ఘాటు వచ్చి దగ్గు తెరలు తెరలుగా పట్టుకుంది. తల్లి అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది.

ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంటూ వెళ్లా. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మొదలుపెట్టింది.

"వారం సంది బడికి పో అంటే పోనంటది మేడం. కోతకొస్తనంటది. నేనే తిడుతున్న. పుస్తకం జూసిన, నిండ రైట్లే ఉన్నయ్. పక్కింటి పిలగాన్ని పిలిచి సదివిపిచ్చిన. అన్ని కరెక్టే అన్నడు. లెక్కలు రాకపోతే గదా మనం అనుకున్నది. వచ్చినప్పుడు బడి మానుడేంది?"

నాకు ఒక్కసారి ఊపిరి తిరిగింది. నేను బేరమాడాల్సిన పనే లేదు. ఆవిడ తన మాట మీద నిలబడే ఉంది. నా ఎర్ర రైట్లని నమ్మి పిల్లని పదో తరగతి రాయించడానికి సిద్ధంగా ఉంది. నేను చెయ్యాల్సిందల్లా అవునని తలూపడం. ముందు పిల్లని బడికి రానిద్దాం, లెక్కలు నిజంగా నేర్పడానికి ఇంకో ఏడాదుంది కదా అని మనసులో లెక్క వేసేశా.

"అవునండి. బాగానే వస్తున్నాయి. సోమవారం నుంచి పంపండి" అన్నా.

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి కారం మంట తగ్గడానికి రాసుకున్న కొబ్బరినూనె మెరుస్తోంది.

"అవి నేను చేసినవి కాదమ్మా" అంది.

తల్లి అర్థం కానట్టు చూసింది.

"వాళ్లు రాసిచ్చారు. నాకు రావు."

తల్లి లోపలికెళ్లి నోట్‌బుక్కు తెచ్చింది. తడి చేత్తోనే పేజీలు తిప్పి నా ముందు పెట్టింది. "మరి మీరు రైట్లెట్ల కొట్టిండ్రు మేడం?"

చాలామందికి చాలా జవాబులు చెప్పినదాన్ని. తూకం తక్కువైందని వచ్చినవాళ్లకి, పురుగు పట్టిందని వచ్చినవాళ్లకి కొట్లో నిలబడి మొహం మీద నవ్వు చెరగకుండా సమాధానం చెప్పినదాన్ని. ఆ కుర్చీలో నోట్‌బుక్కు మూసి ఒళ్లో పెట్టుకున్నా.

"నేను చూసుకోలేదండి" అన్నా చివరికి. అది కూడా సగం అబద్ధం.

"నేనంటే సదువు రానిదాన్ని" అంది ఆవిడ. కోపంగా అనలేదు. "ఇప్పుడు సచ్చెం చెప్పుండ్రి. వచ్చినయా, రాలే?"

ఆ పిల్లకి లెక్క తలలో అవుతుందనీ, రాయడమే నేర్పాలనీ, అది నేను ఏనాడో చూశాననీ చెప్పొచ్చు. మొదలుపెట్టా కూడా. "దానికి తెలివుందండి, నేనే..." అన్నా. కానీ అప్పటికే అబద్ధం చెప్పి పట్టుబడ్డ మనిషిని. ఆవిడ కళ్లలో అది కనపడింది. ఇంక నేను నిజం చెప్పినా అది కొత్త బేరంలాగే వినిపిస్తుంది.

"మల్ల అడగనన్నరు గదా మేడం" అంది. లేచి తాలుకాయలు పరదాలోకి మడవడం మొదలుపెట్టింది.

ఆటో ఎక్కేచోటి దాకా పిల్ల నాతో వచ్చింది. తల్లే పంపింది, వీధిలో కుక్కలున్నాయని. నాకు ఉండబట్టలేదు. "ఎందుకు చెప్పావే? ఊరుకుంటే సరిపోయేది కదా. మీ అమ్మ పంపేది."

"మళ్లీ శుక్రవారం వచ్చిద్ది కదా మేడం" అంది.

"చీటీలు తీసేస్తా. మార్కులు ఉండవు. ఒట్టు."

ఆ పిల్ల నా వంక చూసింది. మా అందరిలోకీ నన్ను సరిగ్గా వెల కట్టింది తనే అనుకుంటా. "వాళ్లకి చెప్పండి, నేను కోపంగా లేనని" అంది. ఆటో వచ్చింది. ఆ రోజు డ్రైవర్ ఎంతడిగితే అంత ఇచ్చి ఎక్కా. అతను వింతగా చూశాడు.

సోమవారం చీటీల డబ్బా తీసేశా. మార్కుల ముడి విప్పా. జట్లు మాత్రం ఉంచా, అవి చేసిన తప్పేం లేదు. కోపంగా లేనన్న మాట లీడరుకి చెప్పా. విని, "సరే మేడం" అని పుస్తకం తెరుచుకుంది. మార్చిలో పక్క స్కూళ్ల టీచర్లు మా క్లాసు చూడ్డానికి వచ్చారు. జట్లు ఎలా కట్టాను, పిల్లల్లో మార్పు ఎలా వచ్చింది, అన్నీ చెప్పా. బాగా చెప్పానని అందరూ అన్నారు. గోడ మీద చార్టు అప్పటికి ఇంకా తియ్యలేదు.

ఏడాది పరీక్షలకి ఆ పిల్ల వస్తుందేమోనని లెక్కల రోజున హాల్లో ఒక ప్రశ్నపత్రం ఆమె బల్ల మీద పెట్టించా. అది అలాగే ఉంది. గంట కొట్టాక మిగతావాటితో కలిపి కట్టేశా.

పేరు ఎవరూ కొట్టించుకోలేదు కాబట్టి జూన్‌లో పదో తరగతి రిజిస్టరులోకి దానంతటదే వచ్చింది. మొదటిరోజు హాజరు పిలుస్తూ ఆ పేరు చదివి ఆగా. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా చదివా. రెండోరోజూ ఆగా. మూడోరోజు ముందు బల్లలోంచి లీడరు తలెత్తింది.

"తను రాదు మేడం. తర్వాతి పేరు పిలవండి."

పిలిచా.